అమ్మీ చేతి రిమోట్

మన ఇళ్లల్లో టీవీ బల్ల మీద ఎన్ని రిమోట్లు ఉన్నాయో ఒకసారి లెక్కపెట్టి చూడండి. టీవీది ఒకటి. సెటప్ బాక్సుది ఒకటి. ఏసీ ఉంటే దానిదొకటి. కువైట్‌లోనో జెద్దాలోనో ఉన్న తమ్ముడు సెలవుకొచ్చినప్పుడు తెచ్చిన హోమ్ థియేటర్‌ది ఇంకొకటి. వీటిలో ఒకదానికి వెనక మూత ఉండదు, సెల్లులు జారిపోకుండా రబ్బర్ బ్యాండ్ వేసి ఉంటుంది. ఇంకొకదానికి కొన్ననాటి ప్లాస్టిక్ కవర్ ఇంకా తీయలేదు. అన్నిటికన్నా పాతదాని మీద అంకెలన్నీ అరిగిపోయి ఉంటాయి. అయినా ఆ అరిగిపోయినదాన్నే ఇంట్లో బుజుర్గులు చీకట్లో కూడా తడబడకుండా నొక్కుతారు. ఏ బటన్ ఎక్కడుందో వాళ్ల వేళ్లకు యాద్ ఉంటుంది.

రిమోట్ లేని కాలం కూడా మా తరానికి తెలుసు. ఆళ్లగడ్డలో మా ఇంట్లో ఉండింది షట్టర్ టీవీ. తలుపులు జరిపి, చెవి తిప్పినట్టు తిప్పాలి దాన్ని. 1990లో దూరదర్శన్‌లో టిపు సుల్తాన్ సీరియల్ వచ్చేటప్పుడు మొహల్లాలో సగం మంది మా వరండాలోనే కూర్చునేవాళ్లు. అప్పుడు ఆ ఇంటికి రిమోట్‌ని నేనే. "ఉఠ్ రే, ఆవాజ్ బఢా" అని అబ్బా కేకేస్తే లేచేవాణ్ణి. "జరా కమ్ కర్" అంటే మళ్లీ లేచేవాణ్ణి. యాంటెన్నా తిప్పడానికి మిద్దె కూడా ఎక్కేవాణ్ణి. ఇప్పుడు మాటతో నడిచే రిమోట్ అని షోరూముల్లో గొప్పగా చూపిస్తున్నారు గానీ, మా ఇంట్లో అది అప్పుడే ఉండె. ఉర్దూ బాగా అర్థమయ్యేది దానికి.

అసలు రిమోట్ పుట్టిందే నోళ్లు మూయించడానికి. అమెరికాలో జెనిత్ అనే టీవీ కంపెనీ ఉండేది. దాని పెద్ద యూజీన్ మెక్‌డొనాల్డ్‌కి అడ్వర్టైజ్‌మెంట్లంటే పరమ నఫ్రత్. కూర్చున్న చోటి నుంచే వాటి గొంతు నొక్కేసే సాధనం కావాలన్నాడు. 1955లో ఆ కంపెనీ ఇంజనీర్ యూజీన్ పాలీ టార్చిలైటులాంటి రిమోట్ చేశాడు. టీవీ నాలుగు మూలల్లో ఒక్కో మూల మీద వెలుగు వేస్తే ఒక్కో పని జరిగేది, వాటిలో ఒకటి ఆవాజ్ బంద్. ఎండ పడితే టీవీ తనంతట తానే పిచ్చిగా చానళ్లు మార్చుకునేదట. 1956లో రాబర్ట్ ఆడ్లర్ ఇంకోటి చేశాడు. అందులో బటన్ నొక్కితే చిన్న సుత్తి అల్యూమినియం కడ్డీని కొడుతుంది, మన చెవికి వినపడని సన్నటి శబ్దం వస్తుంది, టీవీ దాన్ని వింటుంది. దానికి సెల్లులే అక్కర్లేదు. సెల్లుల ఖర్చు లేని ఆ రిమోట్ గురించి చెప్తే అమ్మీ "వో అచ్ఛా థా" అంది.

ఇప్పటి రిమోట్లు కంటికి కనపడని ఎర్రకాంతిని మిణుకు మిణుకుమనిపిస్తాయి. చాలావాటిలో ఆ కాంతి సెకనుకు సుమారు 38 వేల సార్లు కొట్టుకుంటుంది. కొన్ని పద్ధతుల్లో ఆ మిణుకుల గుంపుల మధ్య ఖాళీ కొంచెమైతే సున్నా, ఎక్కువైతే ఒకటి. ఇట్లా సున్నాలూ ఒకట్లూ కలిసి ‘ఆవాజ్ పెంచు’ అవుతుంది, ‘చానల్ మార్చు’ అవుతుంది. చిక్కేమిటంటే ఒక్కో కంపెనీది ఒక్కో జుబాన్. జపాన్ కంపెనీ ఎన్‌ఈసీ పద్ధతి ఒకటి, ఫిలిప్స్ పద్ధతి ఇంకొకటి. టీవీ రిమోట్ ఎంత మొత్తుకున్నా సెటప్ బాక్సు తిరిగి చూడదు, అది వేరే భాష.

అందుకని అన్ని జుబాన్లూ నేర్చిన తర్జుమాదారు కావలసి వచ్చాడు. అదే యూనివర్సల్ రిమోట్. 1987లో ఆపిల్ కంపెనీ స్థాపకుల్లో ఒకడైన స్టీవ్ వోజ్నియాక్, వేరే రిమోట్ల ముందు పెడితే వాటి మాటలు నేర్చుకునే రిమోట్ తెచ్చాడు. 1998లో ఫిలిప్స్ కంపెనీ ప్రాంటో తెచ్చింది. అందులో బటన్ల చోట గాజు తెర. దాన్ని కంప్యూటర్‌కి తగిలించి మనకు కావలసిన బటన్లు మనమే గీసుకోవచ్చు. ఒక్క బటన్‌కి పది పనులు అప్పగించవచ్చు. తర్వాత హార్మనీ పేరుతో లాజిటెక్ అమ్మినవి అమెరికాలో చాలా ఇళ్లకు చేరాయి. ఉర్దూ బడిలో చదివి, తెలుగులో డిగ్రీ చేసి, రెండు భాషల మధ్య నడుస్తూ రోటీ సంపాదించుకునే నాలాంటి వాడికి ఈ తర్జుమాదారు మీద మొదటినుంచీ ఒక అభిమానం.

మన దగ్గర రెండు రిమోట్ల బాధ కొత్తది. కేబుల్ వైరు నేరుగా టీవీ వెనక గుచ్చుకున్నన్నాళ్లూ ఒక్క రిమోట్‌తో గడిచిపోయింది. 2011లో కేబుల్ టీవీ చట్టం సవరించారు. 2012లో మహానగరాల నుంచి డిజిటల్ బాక్సులు మొదలయ్యాయి. మున్సిపాలిటీలకు 2015 డిసెంబర్ ఆఖరు గడువు, పల్లెలకు ఆ తర్వాత. దాంతో ఇంటింటికీ ఒక పెట్టె, పెట్టెకొక రిమోట్ వచ్చాయి. టీవీ ఒకదానితో వెయ్యాలి, చానల్ ఇంకొకదానితో మార్చాలి. ఆవాజ్ రెండింటిలోనూ ఉంటుంది, ఒకదాంట్లో తగ్గించేసి ఇంకోదాంట్లో ఎంత పెంచినా లాభం లేదు. చదువుకున్నవాళ్లకే అయోమయం. అంకెల పక్కన ఉన్న ఇంగ్లీషు మాటలు చదవలేని మా అమ్మీలాంటి వాళ్లు ఏం చేశారంటే, బటన్ల షకల్ గుర్తు పెట్టుకున్నారు. పైన కుడి మూల ఎర్రది, మధ్యలో గుండ్రంది, ఐదు అంకె మీద వేలికి తగిలే చిన్న బొడిపె. ఆ బొడిపె కంపెనీలు కావాలనే పెడతాయి, చూపు లేకుండా వేలు దారి కనుక్కోవడానికి.

అబ్బా పోయిన మరుసటి ఏడు తమ్ముడు కువైట్ నుంచి వచ్చాడు. అమ్మీ ఆళ్లగడ్డ ఇంట్లో ఒక్కతే ఉంటోంది. నేను నంద్యాలలో, శిరివెళ్ల మీదుగా బస్సులో గంట పైచిలుకు దారి. నా దగ్గరికి వచ్చి ఉండమంటే "మేరా ఘర్ హై నా బేటా" అంటుంది. ఆమెకు తోడుగా ఉంటుందని తమ్ముడు పెద్ద టీవీ కొన్నాడు, ఐదు స్పీకర్ల హోమ్ థియేటర్ పెట్టాడు, అన్నిటికీ కలిపి ఒక టచ్ స్క్రీన్ రిమోట్ తెచ్చాడు. కంపెనీ పేరు వదిలేద్దాం. దాని ధరకు మామూలు టీవీ ఒకటి వచ్చేది. రెండు రోజులు కూర్చుని అన్నీ ఎక్కించాడు. ‘టీవీ చూడు’ అని ఒక్కటి తాకితే టీవీ వెలిగేది, బాక్సు లేచేది, స్పీకర్లు గొంతు సవరించుకునేవి. అమ్మీ మాషా అల్లా అనుకుంటూ అందరికీ చూపించింది. వాడు వెళ్లేటప్పుడు ఆ రిమోట్‌ని ఆమె దస్తీలో చుట్టి అల్మారాలో పెట్టడం చూసి నవ్వాడు.

వాడు వెళ్లిన పదిహేను రోజులకు గాలివాన వచ్చి కరెంటు పోయింది. మళ్లీ వచ్చింది. అక్కడ మొదలైంది కథ.

రిమోట్ మాట్లాడుతుంది గానీ వినదు. కాంతి ఇటునుంచి అటే పోతుంది, అటునుంచి జవాబు రాదు. టీవీ వెలిగిందో లేదో దానికి తెలియదు, తాను చెప్పాను కాబట్టి వెలిగే ఉంటుందని నమ్ముతుంది. పైగా చాలా టీవీలకూ బాక్సులకూ ఆన్‌కీ ఆఫ్‌కీ ఒకటే బటన్, ఒకటే సంకేతం. వెలిగి ఉంటే ఆర్పుతుంది, ఆరి ఉంటే వెలిగిస్తుంది. కరెంటు వచ్చాక మా బాక్సు దానంతటదే లేచింది, టీవీ లేవలేదు. రిమోట్ లెక్కలో రెండూ వెలిగే ఉన్నాయి. అమ్మీ ఆఫ్ తాకింది. టీవీ వెలిగింది, బాక్సు పడుకుంది. ఆన్ తాకింది. బాక్సు లేచింది, టీవీ పడుకుంది. అలిగిన తోటికోడళ్లు ఒకరు ఆంగన్‌లోకి వస్తే ఇంకొకరు లోపలికి పోయినట్టు. ఇలాంటి రిమోట్లలో సాయానికని ఒక బటన్ ఉంటుంది. తాకితే ‘టీవీ వెలిగిందా?’ అని ఇంగ్లీషులో అడుగుతుంది. ఇంగ్లీషు రాని మనిషికి అది ఇంకో మొయ్యలేని బరువు.

మూడు రోజులు అమ్మీ టీవీ చూడలేదు. నేను రోజూ ఫోన్ చేశాను, రోజూ "సబ్ ఖైరియత్" అనే చెప్పింది. నాలుగో రోజు పక్కింటి అమ్మాయి వేరే పని మీద ఫోన్ చేసి, మాటల్లో అసలు సంగతి చెప్పింది. శుక్రవారం వెళ్లి అడిగాను, నాకెందుకు చెప్పలేదని. "టీవీ కోసం నువ్వు బస్సెక్కాల్నా? పక్కింటి పిల్లను రోజూ పిలవాల్నా?" అంది. కాసేపాగి, నమాజు తర్వాత ఎప్పుడూ అడిగే దువా మళ్లీ అంది. "యా అల్లా, చల్తే హాత్ పావ్ ఉఠాలే, కిసీకా మొహతాజ్ నక్కో కర్." కాళ్లూ చేతులూ ఆడుతుండగానే తీసుకుపో, ఎవరికీ మొహతాజ్ చేయకు అని.

ఈ మొహతాజ్ అనే మాటకు తెలుగులో సరిగ్గా సరిపోయే మాట నాకు దొరకలేదు. ఆధారపడటం అంటే చాలదు. చిన్నపిల్లలు తల్లి మీద ఆధారపడతారు, వాళ్లు మొహతాజ్ కాదు. తన చేతనయ్యే పని తన చేతిలోంచి జారిపోయి, దానికోసం ఇంకొకరి ముఖం చూడాల్సి రావడం మొహతాజీ. మన ఇళ్లల్లో పెద్దవాళ్లు మౌత్ కన్నా దానికే ఎక్కువ భయపడతారు. నీళ్ల గ్లాసు అందించమనడానికి కూడా మొహమాటపడతారు. అలాంటి మనిషికి టీవీ వెయ్యమని పదేళ్ల పిల్లను అడగడం చిన్న సంగతి కాదు.

ఆ రోజు సాయంత్రం మొత్తం ఆ రిమోట్‌తోనే కూర్చున్నాను. కొన్ని టీవీలకు బటన్లలో కనపడని వేరే సంకేతాలుంటాయి, ఒకటి ఆన్‌కి మాత్రమే, ఒకటి ఆఫ్‌కి మాత్రమే. అవి దొరికితే కరెంటు ఎన్నిసార్లు పోయినా లెక్క తప్పదు. టీవీకి దొరికాయి, బాక్సుకు దొరకలేదు. దాన్ని ఎప్పుడూ ఆర్పకుండా వదిలేశాను. తర్వాత తెర మీది ఇంగ్లీషు మాటలన్నీ తీసేశాను. ఉర్దూ అక్షరాలను ఆ రిమోట్ తీసుకోలేదు గానీ బొమ్మలను తీసుకుంది. ఇన్‌పేజ్‌లో నస్తాలీఖ్‌లో పెద్దగా రాసి, బొమ్మలుగా మార్చి ఎక్కించాను. ఆవాజ్. ఖామోష్. ఖబరే. ఖబరే తాకితే ఉర్దూ వార్తల చానల్ అంకెలు ఒకదాని తర్వాత ఒకటి అదే పంపుకుంటుంది. 2001లో మొదలైన ఈటీవీ ఉర్దూ 2018లో న్యూస్18 ఉర్దూ అయింది గానీ అమ్మీకి అది ఇప్పటికీ ఈటీవీనే.

అమ్మీ అద్దాలు పెట్టుకుని ఒక్కొక్క మాటా పైకి చదివింది. తన ఇంట్లోకి వచ్చిన ఏ మిషన్ మీదా ఇంతవరకు తన అక్షరాలు చూడలేదు. ఫ్రిజ్ మీద లేవు, మిక్సీ మీద లేవు, గ్యాస్ పొయ్యి మీద లేవు. "ఖామోష్" అని రెండుసార్లు చదివి నవ్వింది. తెర గొప్పదనం నిజంగా అక్కడుంది. అచ్చుపోసిన బటన్ మీద కంపెనీ ఏది రాస్తే అదే జీవితాంతం. తెర మీద మనం మన జుబాన్ రాసుకోవచ్చు. తెలుగు మాత్రమే చదివే మీ అత్తగారికి తెలుగులో రాసివ్వొచ్చు. ఏమీ చదవనివాళ్లకు బొమ్మలు పెట్టొచ్చు.

కానీ చదవడం ఒకటి, తాకడం ఒకటి. అమ్మీ నలభై ఏళ్లు కుట్టుమిషన్ తొక్కింది. సూది పోట్లకు వేలి కొసలు మొద్దుబారి, ఎండిపోయి ఉంటాయి. ఇలాంటి తెరలు వేలు తాకినప్పుడు విద్యుత్తులో వచ్చే సన్నటి మార్పును పసిగట్టి పనిచేస్తాయి. ఎండిన, కాయకట్టిన వేలిని అవి సరిగ్గా గుర్తుపట్టవు. అమ్మీ గట్టిగా నొక్కేది. గాజుకు గట్టిగా నొక్కడం, మెల్లగా నొక్కడం ఒకటే. తాకకుండా కాసేపుంటే తెర నల్లబడుతుంది, మొదటి తాకుడు దాన్ని లేపడానికే సరిపోతుంది. చార్జింగ్ స్టాండ్ మీద వంకరగా పెడితే పొద్దున్నకి చచ్చిపోయి ఉంటుంది. సెల్లులైతే తీసి అరచేతిలో రుద్ది మళ్లీ వేస్తే ఇంకో రెండ్రోజులు నడుస్తాయి, ఆ విద్య మన ఇళ్లల్లో అందరికీ వచ్చు.

అన్నిటికన్నా కష్టం ఖామోష్ దగ్గరే. అమ్మీ ఎక్కువగా నొక్కే బటన్ అది. అజాన్ వినపడగానే టీవీ గొంతు ఆగిపోవాలి. అప్పుడామె కళ్లు రిమోట్ మీద ఉండవు. తల మీద దుపట్టా సర్దుకుంటూ ఉంటుంది, పాత రిమోట్ మీద బొటనవేలు తనంతట తానే వెళ్లి ఆ బటన్ మీద వాలేది. గాజు మీద అన్ని చోట్లా ఒకటే నునుపు. చూడకపోతే వేలికి దారి లేదు. అద్దాలు వెతుక్కుని, తెర లేపి, సరైన చోట తాకేసరికి అజాన్ సగమైపోయేది. ఆమె అంతసేపూ కంగారు పడేది.

ఆళ్లగడ్డ మనుషులకు వేలి విలువ వేరే చెప్పక్కర్లేదు. ఊళ్లో విగ్రహాలు చెక్కే వీధుల్లో పొద్దున్నుంచీ ఉలి చప్పుడే. పని చివరికొచ్చాక శిల్పి కళ్లు పక్కకు తిప్పి, రాతి చెంప మీద వేలితో రాసి చూస్తాడు. కంటికి కనపడని గరుకు వేలికి తగులుతుంది. వేలు కూడా చదువుకున్నదే. ఆ చదువును గాజు తెర ఒక్క దెబ్బకు పనికిరాకుండా చేసింది.

నంద్యాలలో పాత రిమోట్లను దండల్లా వేలాడదీసే కొట్టు ఒకటుంది. అక్కడ విషయమంతా చెప్తే, ఆ కొట్టాయన టచ్ స్క్రీన్‌ని తిప్పి చూసి, పక్కన పెట్టి, నూట యాభై రూపాయల సెటప్ బాక్సు రిమోట్ చేతికిచ్చాడు. దాని కింద భాగంలో టీవీ కోసం నాలుగైదు బటన్లు ఖాళీగా ఉన్నాయి. డీటీహెచ్ కంపెనీల రిమోట్లలోనూ చాలావాటికి ఇవి ఉంటాయి, చాలామంది వాడరు. టీవీ అసలు రిమోట్‌ని దీనికి ఎదురెదురుగా పెట్టి, నేర్పే బటన్ కాసేపు అదిమి పట్టి, అక్కడొకటి ఇక్కడొకటి నొక్కితే, ఇది దాని మాట నేర్చుకుంటుంది. పవర్, ఆవాజ్ రెండు వైపులా, మ్యూట్. నాలుగు నిమిషాల పని. వోజ్నియాక్ ఆలోచన నంద్యాల బజారుకు నూట యాభైకి వచ్చిందన్నమాట.

ఇంటికి తీసుకెళ్లాక అమ్మీ తన కుట్టు డబ్బా తెచ్చుకుంది. అందులోంచి ఒక ఎర్ర పూస ఏరి, ఏదైనా ఒక బటన్ మీద అంటించమంది. పవర్ మీద అనుకున్నాను. "నక్కో, ఖామోష్ పే" అంది. ఫెవిక్విక్ చుక్క వేసి అంటించాను. ఆరేదాకా ఆగి, కళ్లు మూసుకుని, బొటనవేలితో తడిమి చూసుకుంది.

హోమ్ థియేటర్ ఇప్పుడు ఈద్‌కి పిల్లలొచ్చినప్పుడే మోగుతుంది. ఆ టచ్ స్క్రీన్‌నూ అప్పుడు వాళ్లే నడుపుతారు. దాన్ని నేను తీసిపారేయను. కీళ్లు బిగుసుకుపోయి బటన్ నొక్కే బలం లేనివాళ్లకు ఊరికే తాకితే చాలనే తెర నిజంగా మేలు. రాత రాసుకునే వీలు మామూలు రిమోట్లలో ఇంకా లేదు. అయితే ఆ ఖరీదైన రిమోట్ల కాలం కూడా సన్నగిల్లింది. 2021లో లాజిటెక్ హార్మనీ తయారీ ఆపేసింది. ఇప్పుడు షియోమీ, రెడ్‌మీ ఫోన్లు కొన్నింటి పైఅంచున చిన్న నల్లచుక్క ఉంటుంది, అదే రిమోట్ కన్ను. క్రికెట్ మ్యాచ్ రోజు చాయ్ హోటల్లో టీవీ దానంతటదే ఆరిపోయిందంటే, ఏ మూలో ఒక పిల్లవాడు ఫోన్ పట్టుకుని నవ్వుతున్నాడని అర్థం. కొత్త టీవీలు, బాక్సులు హెచ్‌డీఎంఐ తీగ ద్వారా ఒకదాని మాట ఒకటి వింటాయి కూడా. సెట్టింగుల్లో సీఈసీ అని ఉంటే ఆన్ చేసి పెట్టండి. శామ్‌సంగ్‌లో అది ఎనీనెట్ ప్లస్, ఎల్‌జీలో సింప్‌లింక్. ఒకటి వెలిగిస్తే రెండోది దాన్ని చూసి వెలుగుతుంది. తోటికోడళ్ల అలక తీరుతుంది.

రిమోట్ పనిచేయకపోతే పారేసే ముందు ఒకటి చూడండి. ఫోన్ కెమెరా తెరిచి, రిమోట్ కొసను దానికి చూపించి బటన్ నొక్కండి. సెల్ఫీ కెమెరా అయితే ఇంకా మంచిది. ఫోన్ తెర మీద ఊదా రంగులో మిణుకు కనపడితే రిమోట్ బతికే ఉంది, తప్పు ఇంకెక్కడో ఉంది. కనపడకపోతే ముందు సెల్లులు మార్చండి.

బయటి దేశాల నుంచి అమ్మీ అబ్బాలకు ఏదైనా తెచ్చే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నా గుజారిష్ ఒకటే. పెట్టె విప్పి, అన్నీ బిగించి, వాళ్లకు చూపించాక, ఒకసారి మెయిన్ స్విచ్ ఆపి మళ్లీ వెయ్యండి. తర్వాత మీరు వాకిట్లోకి వెళ్లి నిలబడండి. లోపల వాళ్లొక్కరే దాన్ని మళ్లీ వెలిగించగలిగితే మీ తోఫా వాళ్లదైనట్టు. మిమ్మల్ని పిలవాల్సి వచ్చిందంటే అది ఇంకా మీదే.

ఈసారి సెలవుకు ముందు తమ్ముడు ఫోన్లో ఏం తెమ్మంటావని అడిగాడు. అమ్మీ చాలాసేపు ఆలోచించింది. "సన్న సెల్లులు దొరుకుతాయా అక్కడ? మంచివి చూసి ఒక నాలుగు జతలు తే" అంది.